మా ఊరు ఏ రాష్ట్రంలో ఉందని రాయాలి?

చాన్నాళ్ళ నుంచి రాద్దామనుకుంటున్న పోస్టు ఇది. కొంచెం పొడుగుంది, ఓపిక చేసుకుని చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మేము ఐదుగురం. హైదరాబాదులో ఒకే హాస్టల్లో ఉండి పీజీ చదివినవాళ్ళం. ముగ్గురం కోయ, ఒకరు గోండు, ఒకరు కొండరెడ్డి. ఊళ్ళు వేరు, మెస్సు ఒకటే.

2022 జూలైలో గోదావరి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత మళ్ళీ అంత నీళ్ళు అదే. మాలో ఒక తమ్ముడిది కూనవరం మండలంలో శబరి పక్కన ఊరు. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. అక్కడ కరెంటు లేదు, టవర్ లేదు. వాడు తినట్లేదు, పడుకోవట్లేదు. ఏదన్నా తెలుస్తుందేమోనని ఫోన్లో ఊరి పేరు కొట్టాం. మొట్టమొదట వచ్చింది తెలుగు వికీపీడియా పేజీ.

పక్కన పెట్టెలో ఆంధ్రప్రదేశ్, తూర్పు గోదావరి జిల్లా అని ఉంది. కింద మొదటి వాక్యంలో తెలంగాణ, ఖమ్మం జిల్లా అని ఉంది. అసలైతే అప్పటికి మూడు నెలల ముందే, ఏప్రిల్ 4న, ఆ మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. అంటే రెండూ తప్పే. వాడు చూసి, "అన్నా, మా ఊరు ఏ జిల్లానో కూడా తెలీదు, ఇంక బోటు ఎటు పంపుతారు?" అన్నాడు. బోటు పంపేది వికీపీడియా కాదని వాడికీ తెలుసు. అయినా ఆ మాట మాలో ఎవరికీ మర్చిపోబుద్ధి కాలేదు.

ఐదో రోజు వాళ్ళ నాన్న గుట్ట మీద నుంచి ఫోన్ చేశాడు. మనుషులు క్షేమం. ఇల్లు పోయింది, గొడ్లు కొన్ని పోయాయి. ఆ నెలాఖరున మేము ఆ పేజీ దిద్దడానికి కూర్చున్నాం. వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చని, "మార్చు" అనే బొత్తాం అందరికీ ఉంటుందని మాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు.

మొదట ఎవరి ఊరు వాళ్ళం వెతుక్కున్నాం. ఇద్దరి ఊళ్ళకు పేజీలున్నాయి. ఇళ్ళు ఇన్ని, జనాభా ఇంత, అందులో షెడ్యూల్డ్ తెగలు ఇంత, దగ్గరి బడి ఎక్కడ, తాగునీరు ఎక్కడిది... అంతా 2011 జనగణన లెక్క. లెక్కలు ఉన్నాయి గానీ ఆ ఊళ్ళో ఎవరుంటారో, ఏ పండగ చేస్తారో ఒక్క మాట లేదు. మిగతా ఇద్దరి గూడేలకు పేజీయే లేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. జనగణన పుస్తకంలో ఊరంటే రెవెన్యూ గ్రామం. మన గూడెం ఆ రెవెన్యూ గ్రామానికి ఆనుకుని ఉన్న ఆవాసం, అంతే. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తెలంగాణలో చాలా తండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయ్యాయి. కానీ 2011 పుస్తకంలో అవి విడిగా లేవు కాబట్టి పేజీల్లోకీ రాలేదు.

మేము ఆవేశంగా దిగాం. ఒకడు తన గూడెం గురించి మూడు పేజీలు రాశాడు. తాత చెప్పిన కథ, ఊరి పెద్ద గొప్పదనం, పాలకులు చేసిన అన్యాయం, అన్నీ. ఇంకొకరు మేడారం గురించి పేపర్లో వచ్చిన వ్యాసాన్ని ఉన్నదున్నట్టు అతికించారు. మర్నాటికి రెండూ లేవు. మా రాతలు రద్దు చేసేశారు. "చూశారా, ఇక్కడ కూడా మనల్ని రాయనివ్వరు" అని రాత్రంతా తిట్టుకున్నాం. ఒకడైతే తన ఖాతాలో మళ్ళీ వచ్చి మూడుసార్లు అదే అతికించాడు. ఖాతా మీద ఒకరోజు నిషేధం పడింది.

మాకు బుద్ధి చెప్పింది చర్చా పేజీలో ఒక పాత వాడుకరి. ఆయనెవరో మాకు ఇప్పటికీ తెలీదు, పేరు కూడా కలం పేరే. ఆయన తిట్టలేదు. పేపరు వ్యాసానికి కాపీరైటు ఉంటుంది, సొంత మాటల్లో రాసి పేపరును మూలంగా చూపించమన్నాడు. గూడెం కథకు మూలం ఏది అని అడిగాడు. "మా తాతే మూలం" అని రాశాం. దానికి ఆయన జవాబు: మీ తాత చెప్పింది అబద్ధం అనట్లేదు, చదివేవాడు దాన్ని ఎక్కడ సరిచూసుకోవాలి?

ఆ ప్రశ్న దగ్గర మేము చాలా రోజులు ఆగిపోయాం. ఎందుకంటే మన గురించి అచ్చులో ఉన్నదంతా దాదాపు బయటివాళ్ళు రాసిందే. థర్‌స్టన్ 1909లో రాసిన ఏడు సంపుటాలున్నాయి. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం పంపితే హైమండార్ఫ్ వచ్చాడు, మార్లవాయిలో ఉన్నాడు, రాజ్‌గోండుల మీద పుస్తకం రాశాడు. వాళ్ళు రాసింది మూలం అవుతుంది. పడిగె విప్పి ఇలవేల్పు కథ మొత్తం చెప్పగలిగిన మన డోలీ పెద్దమనిషి మాట మూలం కాదు. మణుగూరు మండలం నుంచి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. పురస్కారం వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి, కాబట్టి ఆయన గురించి రాయడానికి మూలాలకు కొదవ లేదు. కానీ ఆయనలాగే కథ చెప్పి, ఏ పురస్కారం రాకుండా పోయినవాళ్ళ గురించి?

ఈ బాధ మన ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. 2011లోనే అచల్ ప్రభల అనే ఆయన భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ పల్లెల్లో జనం నోటిమాటను రికార్డు చేసి, దాన్ని వికీపీడియాలో మూలంగా పెట్టి చూశాడు. ఇంకో మంచి కబురు, మన సంతాల్ సోదరులకు 2018లో ఓల్ చికి లిపిలో సొంత వికీపీడియా వచ్చింది. వాళ్ళు చేసుకున్నారంటే మనమూ మెల్లగా చేసుకోగలం.

ఇక అసలు సంగతి, మా తమ్ముడి ఊరి పేజీ. రాష్ట్రం పేరు మార్చడమేగా, అర నిమిషం పని అనుకున్నాం. "ఈ ఊరు 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది" అని రాశాం. ఆ పాత వాడుకరే మళ్ళీ చర్చలో అడిగాడు, తేదీలు చూశారా అని. చూశాం. పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంచుతూ కేంద్రం ఇచ్చిన ఆర్డినెన్స్ 2014 మే 29ది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది జూన్ 2న. జూలైలో పార్లమెంటు చేసిన చట్టం కూడా మే 29 నుంచే అమలైనట్టు చెప్పింది. అంటే కాగితం ప్రకారం కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, పట్టణం మినహా భద్రాచలం, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు తెలంగాణలో ఒక్కరోజు కూడా లేవు. నాలుగు రోజుల ముందే తీసేశారు.

మా తమ్ముడు ఆ స్క్రీను వంక చూస్తూ కూర్చున్నాడు. ఉద్యమం అప్పుడు వాడు స్కూలు పిల్లాడు, ర్యాలీలో నడిచాడు. "మరి మేము ఎవరి కోసం నడిచామన్నా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాడే కూర్చుని వాక్యం మార్చాడు. "ఈ గ్రామం 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది" అని. తెలంగాణ అన్న మాటను వాడి వేలే తుడిపింది.

దసరా సెలవులకు వాడితో మేము ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్ళాం. వాళ్ళ తాత మా ఫోన్లో పేజీ చూపిస్తే నవ్వాడు. "నా చిన్నప్పుడు మాకు కాకినాడే జిల్లా రా" అన్నాడు. నిజమే. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిలోనే ఉంది, ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. లెక్కేసి చూశాం. ఆయన మద్రాసు కింద పుట్టాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లా, 2014లో మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి జిల్లా. ఇవన్నీ ఆయన ఒక్క పాకలో ఉండగానే జరిగిపోయాయి. "నన్నడిగి మార్చారేంటి ఒక్కసారన్నా?" అన్నాడు. ఆ లెక్క మొత్తం, ఒక్కో తేదీకి మూలం పెట్టి, పేజీలో "చరిత్ర" అనే విభాగం చేశాం. ఆ వాక్యాలు ఎవరూ తీసెయ్యలేదు, ఇవాళ్టికీ ఉన్నాయి.

అక్కడే ఇంకో చిక్కు వచ్చింది. పోలవరంలో మొదటి విడత 41.15 మీటర్ల కాంటూరు, పూర్తిగా నింపితే 45.72. మొదటి విడత లెక్కలో ఉన్న పక్క ఊరు అప్పటికే ఖాళీ. జనం కాలనీకి పోయారు. మా తమ్ముడి ఊరు రెండో విడత, కాబట్టి పరిహారం రాలేదు, వరద మాత్రం వచ్చింది. పక్క ఊరి పేజీలో "ఉంది" అని రాయాలా, "ఉండేది" అని రాయాలా? ఖాళీ అయింది కాబట్టి ఉండేది అని మాలో ఒకడు. చింతచెట్టుంది, ముత్యాలమ్మ గద్దె ఉంది, పండక్కి జనం వచ్చి పోతున్నారు, ఊరు లేదని ఎట్లా రాస్తావని తమ్ముడు. గట్టిగానే గొడవైంది. చివరికి "నిర్వాసితులు పునరావాస కాలనీకి తరలి వెళ్ళారు" అని, ఎప్పుడో చెప్పే పేపరు వార్తతో సహా రాశాం. "ఉంది" అన్నదాన్ని ముట్టుకోలేదు. ఆ రెండు ఊళ్ళలో మా ఫోన్లతో తీసిన 40 ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టాం. బడి గోడ, గద్దె, రేవు, ఇప్పచెట్టు. నీళ్ళు వచ్చాక ఆ ఫొటోలు ఎవరూ తీయలేరు.

ఇంద్రవెల్లి పేజీ దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాం. 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో చనిపోయింది ప్రభుత్వ లెక్కలో 13 మంది. మనవాళ్ళు చెప్పే సంఖ్య అంతకంటే చాలా పెద్దది. మా గోండు అన్న ఆ 13ను తీసేసి పెద్ద సంఖ్య పెట్టబోయాడు. ఆగి, రెండూ రాద్దాం, ఎవరి లెక్క ఏదో పేరు పెట్టి రాద్దాం అనుకున్నాం. అట్లా రాశాక చదివేవాడికి ఆ రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉందో తనకే కనిపిస్తుంది. మనం ఆవేశపడి రాసిన విశేషణాలు నిలవవు, మూలమున్న అంకె నిలుస్తుంది.

కుమ్రం భీం వర్ధంతి కూడా అంతే. ఒకచోట సెప్టెంబర్ 1, ఒకచోట అక్టోబర్ 27. జోడేఘాట్‌లో మాత్రం ఆశ్వయుజ పౌర్ణమికే చేస్తారు. వ్యాసానికి తేదీ కావాలి, మనకు తిథి ఉంది. తిథి సంగతి కూడా రాయాలని పట్టుబట్టాం. ఇంటిపేరు కొమురం అని, కొమరం అని, కుమ్రం అని మూడు రకాలుగా రాస్తున్నారు. అది కూడా చర్చా పేజీలో ఓపిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయమే. కొట్లాడితే ఖాతా పోతుంది, పేరు అట్లాగే ఉంటుంది.

మా లోపాలూ చెప్పాలి. ఐదుగురిలో ఇద్దరు ఉద్యోగాల్లో పడి మానేశారు. మూడేళ్ళలో మేము సరిగ్గా బాగుచేసినవి 60 పేజీలు దాటవు. తెలుగు వికీపీడియాలో వ్యాసాలు లక్ష దాటాయి, అందులో మాది ఎంత? దీనికి డబ్బులు రావు, సర్టిఫికెట్ రాదు, మన పేరు కూడా పేజీ మీద ఉండదు, "చరిత్ర" ట్యాబు నొక్కితేనే కనిపిస్తుంది. అయినా 2024 మేడారం జాతర ముందు రోజుల్లో ఆ పేజీని ఎంతమంది తెరిచారో చూశాక మాకు ఓపిక వచ్చింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తారని, పూజారులు కోయవాళ్ళని, ఆ పిల్లలందరూ అక్కడే చదివి ఉంటారు.

ఇప్పుడు మీతో పని.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ ఊరి పేజీ తెరిచి చూడండి. మండలం, జిల్లా సరిగ్గా ఉన్నాయా చూడండి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న, తర్వాత 2019 ఫిబ్రవరిలో జిల్లాలు మారాయి. మేడారమే వరంగల్ నుంచి జయశంకర్ జిల్లాకు, అక్కడి నుంచి ములుగుకు వచ్చింది. ఇట్లాంటి తప్పులు ఇంకా మిగిలే ఉంటాయి. మీరు సొంతంగా తీసిన ఫొటోలు మాత్రమే పెట్టండి, వాట్సాప్‌లో వచ్చినవి వద్దు. భూమి పండగ మీద, మీ ఊరి పెద్దల మీద పేపరు జిల్లా పేజీలో ఏ చిన్న ముక్క వచ్చినా తేదీతో సహా దాచిపెట్టండి. అదే రేపటి మూలం.

పెద్దల కథలు రికార్డు చేసేముందు వాళ్ళను అడగండి. ఇలవేల్పుల సంగతుల్లో బయట చెప్పకూడనివి ఉంటాయి. వద్దంటే రాయొద్దు. చెప్పొచ్చు అన్నవి మాత్రం మనమే కాలేజీ పత్రికలోనో చిన్న పుస్తకంగానో అచ్చేయిద్దాం. తాత మాట మూలం కాదంటే, తాత మాటతో పుస్తకం చేయడం మన చేతిలో పనే కదా.

మా తమ్ముడి తాత పోయిన ఏడు కాలం చేశాడు. ఆయన కథ మేము రికార్డు చేసింది 18 నిమిషాలు. ఇంకా చెప్తానన్నాడు, బస్సు టైమైందని లేచాం. మీరు అట్లా లేవొద్దు.

జోహార్.