డబ్బా వెతికిన రోజు

పాడేరు కొండల్లో పుట్టి పెరిగిన మాకు సముద్రమంటే విశాఖ బీచే. అదీ ఏ ట్రైనింగుకో దిగినప్పుడు సాయంత్రం ఒక గంట. అలాంటిది ఒక వేసవి సెలవుల్లో మేం నలుగురు టీచర్లం విశాఖలో ఓడెక్కి అండమాన్ వెళ్ళాం.

ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ అని రెండు దీవులున్నాయి. అటవీశాఖ అనుమతి తీసుకుని, ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో వెళ్ళాలి. రెండింటి మధ్యా ఒక తెల్లని ఇసుక దారి. ఆటుకు తేలుతుంది, పోటుకు మునుగుతుంది.

మాలో చిన్నవాడు, సైన్సు చెప్పే తమ్ముడు, అక్కడ జియోక్యాషింగ్ ఆడదామన్నాడు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు చెప్తారు. ఆ అంకెలు పట్టుకుని మిగతావాళ్ళు వెతకాలి. దొరికితే అందులోని పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టేయాలి. ఈ ఆట పుట్టింది 2000 మే నెలలో. అంతవరకూ అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కొంత తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది తీసేసిన ఒకటి రెండు రోజులకే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్టు దాచి, దాని అంకెలు లోకానికి చెప్పాడు.

మాలో ఇద్దరు టిఫిన్ డబ్బాలో నోటుబుక్కు, పెన్సిలు పెట్టి దాచారు. ఇద్దరం వెతికాం. ఫోనులో సిగ్నల్ లేదు. అయినా ఆట ఆగలేదు. చోటు చెప్పేది సెల్‌టవర్ కాదు కదా, ఉపగ్రహాలు. నాలుగు అందితే చాలు. టవర్ లేని మన ఊళ్ళల్లో కూడా ఈ పాఠం చెప్పొచ్చని అప్పుడే అనుకున్నాం.

13 డిగ్రీల ఉత్తరం, 93 డిగ్రీల తూర్పు, ఆపైన దశాంశాలు. ఫోను చూపించిన వైపు నడిచి నడిచి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాం. ఇంకా ముందుకు పొమ్మంటోంది! చూస్తే దశాంశం తర్వాత మూడో అంకె ఒకటి తప్పు రాసుకున్నాం. అక్కడ ఒక్క అంకె మారితే నూటపది మీటర్లు. లెక్కల మాస్టారు మాలోనే ఉన్నారు, అదీ వింత.

చివరికి డబ్బా ఒక పెద్ద చెట్టు వేళ్ళ మధ్య దొరికింది. పడవ కుర్రాడు ఆ చెట్టు మీద చెయ్యేసి "సముద్ర మహువా" అన్నాడు. మహువా అంటే మన ఇప్ప. చెట్టు వేరైనా ఒకే కుటుంబం. అతని తాతలు కూడా మనలాంటివాళ్ళే, ఉరావులు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసులను అడవులు నరకడానికి అక్కడికి తెచ్చారు. ఇప్పటికీ వాళ్ళను 'రాంచీవాళ్ళు' అనే అంటారు. అక్కడ వాళ్ళకు ఎస్టీ గుర్తింపు లేదు. "సార్, మీకు సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగాడు. ఇస్తారని చెప్పడానికి మాకెందుకో నోరు రాలేదు.

అది అభయారణ్యం. అందుకే డబ్బాను మాతోనే తెచ్చేశాం. ఆట నియమం కూడా అదే: ఆ చోటు ఎవరిదో వాళ్ళను అడక్కుండా ఏదీ దాచకూడదు.

తిరుగు ప్రయాణం జారవాల అడవి మీదుగా. మిడిల్ స్ట్రెయిట్ నుంచి జిర్కాటాంగ్ దాకా బళ్ళన్నీ బారుగా పోలీసు కాపలాతో వెళ్ళాలి. ఆగకూడదు, ఫోటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. మనకు 1/70 ఉన్నట్టే వాళ్ళకు 1956 నాటి రక్షణ చట్టం ఉంది. ఆ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మేం దాని మీదే వెళ్తున్నాం.

ఒక మలుపులో ఇద్దరు పిల్లలు కనిపించారు. బస్సంతా కిటికీల మీద పడింది. మేమూ సగం లేచాం. మాలో ఒకరి చెయ్యి ఫోను మీదికి పోయింది. ఆ పిల్లల్లో పెద్దవాడు మా బస్సును చూసిన చూపు మాకు తెలుసు. వంజంగి మేఘాల కోసం వచ్చినవాళ్ళు మా అమ్మల ముక్కుపోగుల మీదికి ఫోను ఎత్తినప్పుడు మేం చూసే చూపే అది. కూర్చున్నాం. జిర్కాటాంగ్ దాకా ఎవరం మాట్లాడలేదు.

బడి తెరిచాక ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ ఆట ఆడించాం. డబ్బా ఎక్కడ దాద్దామంటే ఒకడు ఊరి పైనున్న అమ్మవారి తోట అన్నాడు. వెనక బెంచీ పిల్ల వెంటనే లేచింది.

"అక్కడొద్దు సార్. పూజారి తాతని అడగాల."

"అడిగితే?"

"వద్దంటాడు."

"అయితే?"

"అయితే వద్దే సార్."

బడి వెనక చింతచెట్టు కింద దాచాం. దశాంశాలు, ఉపగ్రహాలు, ఇసుక దారి, ఇప్పకు చుట్టమైన చెట్టు, అన్నీ చెప్పాం. బస్సులో సగం లేచిన సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేకపోయాం. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాం.