కొమ్ము కొలత

విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్న ఫోనులో ఒక మాట అన్నాడు. అక్కడ ఏటా నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారంనాడు, తొమ్మిది రోజుల జింకల వేట మొదలవుతుందట. వాడితో పనిచేసే ఒక పెద్దమనిషి తన తూటాలు తానే ఇంట్లో నింపుకొంటాడట. వీడికీ నేర్పుతానన్నాడట. "బాపూ, ఈ పని గురించి నీకేమన్నా తెలుసా?" అని నవ్వుతూ అడిగాడు.

తెలుసు. పలకా బలపం తర్వాత నేను శ్రద్ధగా నేర్చుకొన్న విద్య అదే. యాభై ఏళ్ళకు పైగా దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

మాది కోరుట్ల. బాపుకు లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకి ఉండేది. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటి ఎంత లావుంటుందో, నాళం లోపలి వెడల్పు అంత; అందుకే ఆ పేరని బాపు చెప్పేవాడు. బజారులో దొరికే తూటాలు ఖరీదు. అందువల్ల ఇత్తడి గుల్లలు కొని, కాల్చినవాటినే మళ్ళీమళ్ళీ నింపుకొనేవాడు. మందు, టోపీలు జగిత్యాలలోని లైసెన్సు దుకాణంలో దొరికేవి. నన్నూ వెంట తీసుకొనిపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఖిల్లా చూపించేవాడు. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ఆ నక్షత్రాకారపు కోటమీద ఫిరంగులు పడి ఉండేవి. "ఇంత ఫిరంగికైనా మందు కొలిచే పోసిండ్రు. కొలత తప్పితే ముందుగాల పోయేది శత్రువు కాదు, కొట్టేటోడు" అనేవాడు.

వేసవి సెలవుల్లో మా ఇంటి పడసాలలో ఆ పని సాగేది. కాల్చిన గుల్లలను చింతపండు పులుసుతో, బూడిదతో తోమి ఎండబెట్టడం నా వంతు. పాత టోపీ తీసి కొత్తది బిగించడం బాపు వంతు. మందు పోయడానికి దున్నపోతు కొమ్ముతో చేసిన చిన్న కొలపాత్ర ఉండేది. దాన్ని గలగల కదపకూడదు, వేలితో అదమకూడదు. నింపి, పైన పుల్లతో గీసి పోయాలి. మందుపైన గొంగడి ముక్కలు బిళ్ళలుగా కత్తిరించి కూరేవాళ్ళం. కురుమవాళ్ళు నేసిన ఉన్ని గొంగడికి మించినది లేదని బాపు నమ్మకం. కూరడానికి కర్ర తప్ప ఇనుము ముట్టనిచ్చేవాడు కాదు, నిప్పురవ్వ లేస్తుందని. ఆపైన సీసపు ఛర్రాలు, వాటిమీద పేకముక్కనుంచి కత్తిరించిన అట్ట, చివర మైనం. పిట్టకు సన్నఛర్రా, దుప్పికి పెద్దగుండ్లు. పన్నెండేళ్ళు వచ్చేసరికి నా చేత మొదటి తూటా నింపించాడు. అది పట్టుకొని వాకిట్లో అటూ ఇటూ తిరిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది.

నింపే పనికి ఆయన పెట్టిన నియమం ఒకటే. "కాల్చినోనికి పేరొస్తది. నింపినోనిది పూచీ."

1971 వేసవిలో మేమందరం సిరిసిల్లలో మా మేనమామ ఇంటికి వెళ్ళాము. మామ ఇంట్లో మరమగ్గాలు నడిచేవి. ఆ చప్పుడులోనే మాటలు, భోజనాలు, నిద్రలు. మామకు పాత తుపాకి ఒకటి ఉండేది. దాని నాళంమీద నీటి అలల వంటి చారలు. డమాస్కస్ నాళమని మురిసిపోయేవాడు. ఇనుమూ ఉక్కూ పట్టీలుగా మెలివేసి, చుట్టి అతికి చేసే నాళమది. ఆ పేరు వినగానే బాపు కోనసముద్రం కథ ఎత్తుకొనేవాడు. మా కోరుట్లకు దూరం కాని ఆ ఊరి ఉక్కు ఒకప్పుడు డమాస్కస్ కత్తులకు పోయిందని చెప్పేవాడు. అటువంటి నాళాలు నల్లమందు ఒత్తిడికే తగినవని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎండలకు అడవిలో నీళ్ళు ఇంకిపోయి, దుప్పులు కుంటల దగ్గరకు దిగే కాలం. ఆ సాయంత్రం బాపు, మామ బయలుదేరవలసి ఉంది. నల్లమందు అయిపోయింది. ఎవరో మిత్రుడిచ్చిన డబ్బా ఒకటి మామ తెచ్చిపెట్టాడు. బాపు నిద్రపోతున్నాడు. మామ మగ్గం దగ్గరికి వెళుతూ, "అల్లుడా, రెండు నింపి పెట్టు" అన్నాడు.

మూత తీశాను. లోపలిది నల్లగా లేదు. బూడిదరంగులో, సన్నని రేకుల్లా ఉంది. నాకు అనుమానం కలగలేదని ఇన్నాళ్ళూ మనసుకు చెప్పుకొంటూ వచ్చాను. అది నిజం కాదు. కలిగింది. బాపును లేపి అడగాలనుకొన్నాను. లేపితే, ఇంకా నేర్వలేదంటాడేమోనన్న చిన్నతనం అడ్డం వచ్చింది. అదే కొమ్ముతో, అదే అంచుదాకా, పుల్లతో గీసి పోశాను. ఎంత చక్కగా గీశానో!

అది పొగలేని మందు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారుచేసిన మందుకు వారసురాలు. నత్రికామ్లంతో మార్చిన పత్తిపదార్థం దానికి మూలం. పత్తినూలు నేసే ఇంట్లో పత్తినుంచి పుట్టిన మందు! నల్లమందు కొలతతో దాన్ని పోస్తే నాళంలో పుట్టే ఒత్తిడి ఎన్నో రెట్లు. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకొన్నాను.

అర్ధరాత్రి తిరిగి వచ్చారు. మామ ఎడమచేతికి తువ్వాల చుట్టి ఉంది. తువ్వాల రంగు చెప్పనక్కరలేదు. రెండు వేళ్ళు లేవు. దుప్పి బతికిపోయింది. బాపు ముఖం పాలిపోయి, గోడకు ఆనుకొని, "ఆ తూటా ఎవలు నింపిండ్రు?" అని అడిగాడు.

నేను తలుపు చాటున ఉన్నాను. నోరు పెగలలేదు.

"నేనే బావా. ఏమరుపాటయింది" అన్నాడు మామ. అంటూ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

తెల్లవారేసరికి కరీంనగర్ తీసుకొనిపోయారు. తర్వాత ఊళ్ళో అందరికీ మామ చెప్పినది వేరే కథ: మరమగ్గంలో పడి పోయాయని. సిరిసిల్లలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

బాపు మళ్ళీ వేటకు పోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. లైసెన్సుమీద మిగిలిన వేటను కూడా 1991 సవరణ తీసివేసింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరు 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇంట్లో తుపాకి ఉన్నవాడికి అటునుంచీ భయమే, ఇటునుంచీ భయమే. బాపు తనదాన్ని ఠాణాలో అప్పజెప్పి వచ్చి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. 2014లో తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా జింకను ఎంచుకొన్నప్పుడు మామ ఉండి ఉంటే, మిగిలిన మూడు వేళ్ళు చూపి నవ్వేవాడే.

ఆయన పోయేదాకా ఆ మాట మా మధ్య రాలేదు. ఎన్నోసార్లు ఆయన పక్కన కూర్చున్నాను. ప్రతిసారీ మగ్గాల చప్పుడు సాకుగా దొరికింది. బాపుకూ చెప్పలేదు. ఆయన తన బావమరిదిని అజాగ్రత్తపరుడనుకొంటూనే పోయాడు. వేళ్ళకన్నా ఎక్కువగా నేను మామనుంచి తీసుకొన్నది అదేననిపిస్తుంది.

అబ్బాయికి ఇదంతా చెప్పాను. చాలాసేపు అవతలనుంచి మాట లేదు. "మామతాత వేళ్ళు మగ్గంలో పోయినయన్నరు గదా" అన్నాడు చివరికి.

"అన్నం" అన్నాను.

తర్వాత వాడు ఆ పెద్దమనిషి దగ్గర చూసినది చెప్పాడు. మందును పాత్రతో కాక త్రాసులో గ్రెయిన్లలో తూస్తాడట. ఏడువేల గ్రెయిన్లు ఒక పౌను. పుస్తకం తెరిచి పెట్టుకొంటాడట. బల్లమీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉంచుతాడట. రెండోది గదిలోకే రానివ్వడట. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. అక్కడి చట్టం వేరు, వాడి ఇష్టం వాడిది. నేర్చుకోవద్దని అనలేదు. ఒక్కమాట మాత్రం చెప్పాను: డబ్బా మూత తీయగానే అనుమానం వస్తే, నిద్రపోతున్నవాణ్ణి లేపు. తిడితే తిట్టనీ.

కొమ్ము కొలత ఇప్పుడు మా వంటింట్లో ఉంది. దానితో ఇంటావిడ పసుపు కొలుస్తుంది. అది ఎక్కడిదని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఈ రాత్రి చెప్పాలి.