మూడుసార్లు చూసిన తరువాతే

ఏటా మార్చి 4వ తేదీన మన కర్మాగారం ప్రాంగణంలో అందరం నిలబడి భద్రతా ప్రతిజ్ఞ చేస్తాం. 1966లో అదే తేదీన జాతీయ భద్రతా మండలి ఏర్పడింది కనుక ఆ రోజును జాతీయ భద్రతా దినోత్సవంగా పాటిస్తున్నాం. ప్రతిజ్ఞ ముగిశాక బ్యాడ్జీ జేబుకు తగిలించుకుని ఎవరి విభాగానికి వారు వెళ్లిపోతాం. ముప్పయ్యేళ్లకు పైగా నేనూ అలాగే వెళ్తున్నాను. అయితే 1998 తరువాత ఆ ప్రతిజ్ఞ చదివినప్పుడల్లా ఒక తల్లి నన్నడిగిన చిన్న ప్రశ్న గుర్తుకు వస్తుంది. పదవీ విరమణకు దగ్గరపడుతున్న ఈ వేళ ఆ సంగతిని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును. మా పిల్లలు చిన్నప్పుడు తమ స్నేహితులతో "మా నాన్న జ్వరం చూస్తారు, కానీ మనుషులకు కాదు, ఫర్నేసులకు" అని చెప్పేవారు. అది అక్షరాలా నిజం. రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొసన కలిపి, ఆ కొసను వేడి చేస్తే, రెండవ కొసల మధ్య అతి స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు గమనించిన ఈ ధర్మమే థర్మోకపుల్‌కు ఆధారం. పరిశ్రమలలో ఎక్కువగా వాడే కె రకం థర్మోకపుల్ ఒక్కొక్క డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. వెయ్యి డిగ్రీల వేడిలో ఉన్నా దాని నుంచి వచ్చేది 41 మిల్లీవోల్టులకు కాస్త పైన, అంతే. గోడ గడియారంలో వేసే బ్యాటరీ ఇచ్చే దానిలో ముప్పయ్యో వంతు కూడా కాదు. ఈ స్వల్ప సంకేతాన్ని అందుకుని, అంకెగా మార్చి, నియంత్రణ వ్యవస్థకు అందించే పరికరమే ఇన్‌పుట్ మాడ్యూల్. అరచేతిలో ఇమిడే ఆ డబ్బా చెప్పిన మాట విని ఫర్నేసు తన వేడిని పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది.

ఇంత చిన్న వోల్టేజితో ప్రమాదమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది.

1991లో నేను శిక్షణలో ఉన్నప్పుడు మా విభాగంలో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. చదివింది ఎనిమిదో తరగతి. చేతిలో ఇరవై అయిదేళ్ల అనుభవం. ప్యానెల్‌లో ఏ మాడ్యూల్ మార్చవలసి వచ్చినా ఆయన పద్ధతి ఒకటే. ముందు మల్టీమీటరు తీసుకుని, కరెంటు ఉన్నదని తెలిసిన ప్లగ్గు దగ్గరకు వెళ్లి 230 వోల్టులు చూపిస్తున్నదో లేదో చూసేవారు. తరువాత ప్యానెల్‌కు వచ్చి, సరఫరా ఆపిన టెర్మినళ్లను ఒక్కొక్కటిగా భూమికి, ఒకదానికొకటి కొలిచేవారు. అన్నీ సున్నా చూపించాక మళ్లీ అదే ప్లగ్గు దగ్గరకు వెళ్లి మరోసారి చూసేవారు. "మళ్లీ ఎందుకండీ?" అని నేను నవ్వితే, "మీటరు కూడా మనలాంటిదే సార్. ఒక్కోసారి దానికీ ఒంట్లో బాగుండదు. చెడిపోయిన మీటరు కూడా సున్నాయే చూపిస్తుంది కదా!" అనేవారు.

ఆయనకు మరొక అలవాటు ఉండేది. పాడయిన మాడ్యూల్ తీసి కొత్తది పెట్టే ముందు "ఇది ఎందుకు పోయింది?" అని అడిగేవారు. జవాబు దొరకనిదే కొత్తది డబ్బాలోంచి తీసేవారు కాదు. పట్టా చేతబట్టుకుని వచ్చిన నాకు ఇదంతా చాదస్తంగా కనిపించేది. 1996లో ఆయన పదవీ విరమణ చేశారు. ఆయనతోపాటు ఆ చాదస్తం కూడా మా విభాగం నుంచి వెళ్లిపోయింది.

1998 వేసవిలో ఒక రాత్రి షిఫ్టులో విద్యుత్ హీటర్లతో నడిచే ఎనీలింగ్ ఫర్నేసుకు సంబంధించిన థర్మోకపుల్ మాడ్యూల్ పనిచేయడం మానేసింది. లోపల సరుకు ఉంది. చల్లారితే మొత్తం వృథా. అందువల్ల హీటర్లను చేతి నియంత్రణలో నడుపుతూ మాడ్యూల్ మార్చేయాలని నిర్ణయించాం. 'ఆలస్యం అమృతం విషం' అన్న సామెత ఆ రాత్రి అందరి నోటా వినిపించింది. 'నిదానమే ప్రధానం' అన్నదీ పెద్దలే అని ఎవరికీ గుర్తు రాలేదు. నియంత్రణ ప్యానెల్ ఎం.సి.బి.ని నేనే స్వయంగా ఆపాను. నా పక్కన రెండేళ్ల సర్వీసు ఉన్న యువ టెక్నీషియన్ ఉన్నాడు. "కరెంటు తీశాను, విప్పు" అన్నాను. అతడు ఎడమ చేత్తో ప్యానెల్ చట్రం పట్టుకుని కుడి చేత్తో థర్మోకపుల్ తీగను తాకాడు. మరుక్షణం అరుపు కూడా లేకుండా బిగుసుకుపోయాడు.

అవతలి వైపు ఉన్న ఆపరేటరు పరుగున వెళ్లి హీటర్ల ప్రధాన స్విచ్చి ఆపకపోయి ఉంటే ఈ వ్యాసం మరోలా ముగిసేది. ఆ అబ్బాయి వెనుకకు పడి స్పృహ కోల్పోయాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కుడి చేతి రెండు వేళ్లకు మాత్రం ఈనాటికీ పూర్తి పట్టు రాలేదు.

మిల్లీవోల్టుల తీగలో ప్రాణాంతకమైన కరెంటు ఎక్కడిది? మరునాడు ఫర్నేసు చల్లారాక కారణం తెలిసింది. థర్మోకపుల్‌ను కప్పి ఉంచే పింగాణి గొట్టం బీటలు వారి విరిగింది. లోపలి తీగ వంగి నేరుగా హీటరు కాయిల్‌ను తాకుతోంది. హీటరులోని వోల్టేజి ఆ తీగ వెంట ప్యానెల్ దాకా వచ్చింది. నేను ఆపింది ప్యానెల్ సరఫరాను మాత్రమే. ఆ వోల్టేజి వచ్చింది ఫర్నేసు వైపు నుంచి. దానికి నా ఎం.సి.బి.తో సంబంధమే లేదు. మాడ్యూల్ కాలిపోయింది కూడా సరిగ్గా ఆ వోల్టేజి వల్లనే. "ఇది ఎందుకు పోయింది?" అని ఒక్కసారి అడిగి ఉంటే, మీటరు తీగను ఒక్కసారి ఆనించి ఉంటే, విషయం అక్కడే బయటపడేది.

ఆసుపత్రిలో ఆ అబ్బాయి తల్లి మంచం పక్కన కూర్చుని ఉంది. నన్ను నిందించలేదు. "కరెంటు తీశారా బాబూ?" అని అడిగింది. "తీశామమ్మా" అన్నాను. కాసేపు ఊరుకుని, "పోయిందో లేదో చూశారా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. విచారణ సంఘం అడిగిన ప్రశ్నలన్నింటికీ సమాధానాలు రాసి ఇచ్చాను. శిక్షగా వచ్చిన మెమోను తలవంచి తీసుకున్నాను. ఆ తల్లి ప్రశ్నకు మాత్రం ఇంతవరకు సమాధానం చెప్పలేకపోయాను. కరెంటు తీయడం వేరు, అది పోయిందని చూసుకోవడం వేరు. నా సర్వీసులో నేర్చుకున్న విద్య అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

అప్పటి నుంచి మా విభాగంలో మాడ్యూల్ మార్చే పని ఇలా సాగుతోంది. ముందుగా పర్మిట్. అందులో ప్యానెల్ సరఫరాతోపాటు ఆ తీగలు వెళ్లే చోట ఉన్న హీటర్లు, మోటార్లు, పక్క ప్యానెళ్ల నుంచి వచ్చే సరఫరాలు అన్నీ రాయాలి. ప్రతి స్విచ్చికి తాళం, దానిపై పేరు రాసిన చీటీ. తాళంచెవి పని చేసేవాని జేబులోనే ఉండాలి. ఆ తరువాత మా పెద్దాయన చూపిన మూడు పరీక్షలు. ఏ.సి. వోల్టేజితోపాటు డి.సి. కూడా చూడాలి. థర్మోకపుల్ ఇన్సులేషన్‌ను మెగ్గరుతో పరీక్షించాలంటే తీగలను మాడ్యూల్ నుంచి విడదీశాకే చేయాలి. లేకుంటే 500 వోల్టుల మెగ్గరు కొత్త మాడ్యూల్‌ను కూడా పాత దాని దారి పట్టిస్తుంది. సరఫరా ఉండగానే మార్చుకోగల మాడ్యూళ్లు ఈ రోజుల్లో వచ్చాయి. తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఆ సాహసం కూడదు. పేలుడు వాయువులు ఉండే చోట ఒక చిన్న నిప్పురవ్వ చాలు.

మన శరీరంలో చేరే స్థిర విద్యుత్తు మరొక కనిపించని శత్రువు. అది సుమారు 3,000 వోల్టులు దాటితే గాని మనకు చురుక్కుమనదు. లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు అంతకంటే ఎంతో తక్కువకే దెబ్బతింటాయి. పైగా అవి వెంటనే పోక, నెలల తరువాత ఏ అర్ధరాత్రో పోతాయి. అందుకే మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకున్నాకే కొత్త మాడ్యూల్‌ను సంచి నుంచి తీయాలి.

మాడ్యూల్ కూర్చుని, దీపం వెలిగి, తెర మీద అంకె కనిపిస్తే పని అయిపోయిందనుకోవడం ఇంకొక పొరపాటు. కరెంటు విషయంలో వర్తించే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. అంకె కనిపించడం వేరు, అది నిజమని చూసుకోవడం వేరు. ఒక ఉదాహరణ చెబుతాను. కె రకం థర్మోకపుల్ కలిపి, మాడ్యూల్‌లో పొరపాటున జె రకమని నమోదు చేశారనుకోండి. ఫర్నేసు 800 డిగ్రీల వద్ద ఉంటే తెర మీద సుమారు 603 అని వస్తుంది. ఇంకా వేడి చాలదని వ్యవస్థ హీటర్లను మరింత మండిస్తుంది. మాడ్యూల్‌లో ఏ లోపమూ లేదు, తీగలో లోపమూ లేదు. కాలిపోయేది ఫర్నేసు.

తీగల రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికా పద్ధతిలో ఎరుపు రంగు తీగ రుణ ధ్రువం. పాత జర్మన్ పద్ధతిలో అదే ఎరుపు ధన ధ్రువం. అంతర్జాతీయ ప్రమాణంలో రుణ ధ్రువం తెలుపు, కె రకానికి ధన ధ్రువం ఆకుపచ్చ. పలు దేశాల యంత్రాలు ఒకే కప్పు కింద ఉన్న మన పాత కర్మాగారాలలో రంగును నమ్మి తీగ కలపరాదు. కాంపెన్సేటింగ్ కేబుల్‌ను ఒక కొసన తారుమారు చేస్తే, వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతూ వస్తుంది కనుక వెంటనే పట్టుబడుతుంది. రెండు కొసలా తారుమారు చేస్తే అంకె పెరుగుతూనే ఉంటుంది, కానీ తక్కువ చూపిస్తుంది. ఫర్నేసు వద్ద కనెక్షన్ పెట్టె 60 డిగ్రీలు, ప్యానెల్ 24 డిగ్రీలు ఉంటే, ఆ తేడాకు రెట్టింపు, అంటే సుమారు 72 డిగ్రీలు తక్కువ! రెండు తప్పులు కలిసి ఒప్పయినట్లు నటించడమంటే ఇదే.

తీగ తెగిపోతే ఏ అంకె చూపాలో కూడా మనమే నిర్ణయించాలి. మాడ్యూల్ గరిష్ఠ అంకె చూపితే హీటర్లు ఆగుతాయి. కనిష్ఠం చూపితే అవి ఆగకుండా మండుతాయి. కనుక హీటరును నడిపే చోట తెగిన తీగ ఎప్పుడూ గరిష్ఠాన్నే చూపించేలా అమర్చుకోవాలి. చివరిగా క్యాలిబ్రేటరుతో తెలిసిన మిల్లీవోల్టులు ఇచ్చి అంకెను సరిచూడాలి. అప్పుడే పర్మిట్ మూసివేయాలి.

ఈ పత్రికను చదివే గృహిణులకు, పిల్లలకు కూడా ఒక మాట. గీజరు, మిక్సీ, కూలరు బాగు చేయించేటప్పుడు "స్విచ్చి ఆపాం" అన్న ధైర్యం చాలదు. స్విచ్చి తప్పు తీగలో పెట్టి ఉంటే, ఆపినా పరికరంలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. వీలైతే ప్లగ్గు పూర్తిగా తీసేయండి. లేదా మెయిన్ ఆపండి. టెస్టరు వెలగలేదని నమ్మే ముందు, అది వెలగవలసిన చోట వెలుగుతున్నదో లేదో చూడండి.

ఆనాటి యువ టెక్నీషియన్ ఇప్పుడు మా విభాగంలో సీనియర్. కిందటి ఏడాది ఒక షట్‌డౌన్ చివరి గంటలో ఆర్.టి.డి. మాడ్యూల్ మార్చవలసి వచ్చింది. పైనుంచి ఫోను మీద ఫోను. ఇన్నేళ్ల తరువాత కూడా నా నోట "త్వరగా కానియ్యి" అన్న మాట వచ్చేసింది. అతడు నా వైపు చూసి, "ఒక్క నిమిషం సార్" అని మీటరు పట్టుకుని ప్లగ్గు దగ్గరకు నడిచాడు. చూశాడు. ప్యానెల్‌కు వచ్చి ప్రతి టెర్మినల్ కొలిచాడు. మళ్లీ ప్లగ్గు దగ్గరకు వెళ్లి చూశాడు. మీటరును పట్టు లేని కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుని, పక్కనున్న శిక్షణార్థితో "పోయింది. ఇప్పుడు విప్పు" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం నేను ఫోను ఎత్తకుండా నిలబడ్డాను. మీరూ నిలబడాలని నా మనవి.