ఈ తల ఎవరిది?

లండన్ నగరంలోని పెంటన్‌విల్ జైలులో 1984 ఫిబ్రవరి 10వ తేదీన ఒక ఖైదీ గుండెపోటుతో కన్నుమూశాడు. వయస్సు 74. పేరు ఫ్రెడ్ హిల్. పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుడు. అతడు దొంగతనం చేయలేదు. ఎవరిమీదా చేయి చేసుకోలేదు. హెల్మెట్ లేకుండా, తలమీద పాత బెరె టోపీతో మోటారు సైకిలు నడిపాడు. అందుకు విధించిన జరిమానాలు కట్టనన్నాడు. అంతే. ఈ ఒక్క నేరానికి అతడు జైలు గడప తొక్కినది మొత్తం 31 సార్లు.

హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొని, కూడలిలో పోలీసు కనబడగానే తలకెక్కించుకొనే మనవారికి ఈ ముసలాయన పంతం వింతగా తోచవచ్చు. మనం చట్టాన్ని తప్పించుకుంటాం. అతడు తప్పించుకోలేదు, ఎదుట నిలిచి, కాదని, శిక్ష అనుభవించాడు. ఈ రెండింటికీ నడుమ చాలా దూరమున్నది.

హెల్మెట్ చరిత్ర కూడ ఒక మరణంతోనే ముడిపడి ఉన్నది. అరేబియా ఎడారి యుద్ధంలో పేరు పొందిన టి.ఇ. లారెన్స్‌కు బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిళ్ళంటే ప్రాణం. 1935 మే 13న ఇంటి సమీపంలో, సైకిళ్ళమీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు రక్షణ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ మరణం అతని మనస్సును వదలలేదు. యుద్ధం వచ్చాక, మోటారు సైకిళ్ళమీద సైనిక వార్తలు మోసుకుపోయే యువకులు తలలు పగిలి చనిపోవడం గమనించి, 1941లో ఆ వివరాలను ప్రకటించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఫ్రెడ్ హిల్ కూడ ఆ యుద్ధంలో అటువంటి వార్తాహరుడే కావడం విచిత్రం.

సైనికునికి ఆజ్ఞ సహజం. పౌరునికి? 1973 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో మోటారు సైకిలిస్టులందరికీ హెల్మెట్ నిర్బంధమైంది. ఆ ఏడాదే మోటార్ సైకిల్ యాక్షన్ గ్రూప్ అనే సంఘం పుట్టింది. హెల్మెట్ మంచిది కాదని వారు అనలేదు. మంచిదైనంత మాత్రాన దానిని బలవంతంగా తలకెక్కించే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదని అడిగారు. ఇతరులకు హాని చేసేవాణ్ణి ఆపవచ్చు. తన తలను తానే పణంగా పెట్టేవాణ్ణి ఆపడం ఎందుకని వారి ప్రశ్న.

ప్రశ్న గట్టిదే. అయితే ఇందులో ఒక బలహీనత ఉన్నది. రోడ్డుమీద పగిలిన తల ఒక్కరిది కాదు. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చునే భార్య ఉన్నది. మంచం పట్టిన కొడుక్కు ముద్ద కలిపి పెట్టే తల్లి ఉన్నది. 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష అనేక అధ్యయనాలను కూడదీసి, ప్రమాదానికి గురైన మోటారు సైకిలిస్టులలో హెల్మెట్ వల్ల మరణావకాశం సుమారు 42 శాతం, తలగాయాల అవకాశం 69 శాతం తగ్గుతున్నట్లు తేల్చింది. ఫ్రెడ్ హిల్ లెక్కల మాస్టరే అయినా, ఈ లెక్క అతని పక్షాన లేదు.

కాని చట్టం తానే ఒక మినహాయింపు ఇచ్చినప్పుడు చిక్కు మొదలైంది. తలపాగా తీసి హెల్మెట్ పెట్టుకోవడం సిక్కులకు మతధర్మాన్ని విడవడమే. మాంచెస్టర్‌లో జ్ఞానీ సుందర్ సింగ్ సాగర్ తలపాగాతోనే బండి నడిపి, జరిమానాలు కాదని, జైలుకు వెళ్ళాడు. రెండు ప్రపంచ యుద్ధాలలో తమవారు తలపాగాలతోనే బ్రిటన్ కోసం పోరాడారని సిక్కులు గుర్తుచేశారు. అప్పుడు అక్కరలేని ఇనుప టోపీ ఇప్పుడెందుకన్న మాటకు జవాబు చెప్పడం పార్లమెంటుకు కష్టమైంది. పంజాబీలు పెద్ద సంఖ్యలో నివసించే సౌతాల్ ప్రతినిధి సిడ్నీ బిడ్వెల్ బిల్లు ప్రవేశపెట్టగా, 1976 నవంబరులో సిక్కులకు మినహాయింపు శాసనమైంది. అది న్యాయమే. అయితే మతవిశ్వాసానికి తలవంచిన చట్టం, మతంతో పనిలేని అంతరాత్మకు ఎందుకు వంగదన్న ప్రశ్న మిగిలిపోయింది. ఫ్రెడ్ హిల్ జైలులోనే వృద్ధుడు కావడానికి ఆ ప్రశ్నే చాలు.

ఈ వివాదం తెలుగునేలకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనలలోని 498-ఎ హెల్మెట్‌ను తప్పనిసరి చేసినప్పుడు, అది దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే ప్రాథమిక హక్కుకు భంగమని ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1988లో న్యాయస్థానం ఆ వాదాన్ని తిరస్కరించింది. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షనులో తలపాగా ధరించిన సిక్కులను మినహాయించింది. అమెరికాలో గాలి ఎదురు దిశలో వీచింది. హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్ల నిధులు తగ్గిస్తామన్న కేంద్రపు బెదిరింపును 1976లో కాంగ్రెస్ ఉపసంహరించగానే, రాష్ట్రాలు ఒకటొకటిగా నిర్బంధాన్ని సడలించాయి. ఈనాటికీ అక్కడ సగానికి పైగా రాష్ట్రాలలో వయోజనులందరికీ హెల్మెట్ నిర్బంధం లేదు.

బ్రిటన్ మోటారు సైకిలిస్టులు మాత్రం గెలవలేదు. అయినా వారి సంఘం చెదిరిపోలేదు. దానిని నిలిపినది తర్కం కాదనిపిస్తుంది. వానలో, చలిలో, నాలుగు చక్రాల వాహనాల నడుమ ఒంటరిగా సాగేవాడు, ఎదురుగా వచ్చే మరొక ఒంటరివాణ్ణి చూసి తల పంకిస్తాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. దారిలో బండి ఆగిపోయినవాడు కనబడితే దిగి, స్పానరు తీస్తాడు. ఈ పలకరింపునుంచే సంఘానికి బలం వచ్చింది. తర్వాతి కాలంలో వారు ఇతర విషయాలకు కూడ గొంతెత్తారు. మోటారు సైకిళ్ళ శక్తిని 100 అశ్వశక్తికి పరిమితం చేయాలన్న ఐరోపా ప్రతిపాదనను ఎదిరించారు. బస్సుల వరుసలో తమకూ చోటు కావాలని అడిగారు. లండన్ ప్రధాన మార్గాలలో 2012 నుంచి ఆ చోటు శాశ్వతంగా దొరికింది. బెంగుళూరు-మైసూరు రహదారి ప్రధాన మార్గంలో 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలను నిషేధించిన మన దేశంలో, రోడ్డుమీద చోటు అడగడం అన్నది హెల్మెట్ కంటె పెద్ద హక్కేమో!

ఏటా ఫిబ్రవరిలో బ్రిటన్ మోటారు సైకిలిస్టులు ఫ్రెడ్ హిల్ స్మృతిలో బారులు తీరి యాత్ర సాగిస్తారు. మబ్బు కమ్మిన చలికాలపు ఉదయం. ఇంజన్లు ఒక్కొక్కటే గొంతు సవరించుకుంటాయి. బయలుదేరేముందు అందరూ చట్టప్రకారం హెల్మెట్లు ధరించి, గడ్డం కింద పట్టీలు బిగించుకుంటారు.