పిల్లి మొద్దు

ఉంగుటూరులో మాది అద్దె ఇల్లు. తాళం ఇచ్చే ముందు ఓనరుగారు "మీరేమిట్లు?" అని అడిగారు. కోయవాళ్లమండీ, టీచర్ని అన్నాను. కాసేపు ఆలోచించి ఇచ్చారు. అప్పట్నుంచి ఆరేళ్లుగా గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదు నేను.

అలాంటి ఇంట్లో మా పిల్లి వాళ్ల టేకు సోఫా చెయ్యి గీకి పెట్టింది. అరిచాను, నీళ్లు చల్లాను. నేను బడికి వెళ్లగానే మళ్లీ అదే పని.

మా పోలవరం ఏజెన్సీ ఊళ్లో పిల్లులు పందిరి గుంజలు గీకేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. గీకడం దాని పొగరు కాదు. గోరు మీది పాత పొర ఊడితే కింది పదునైన గోరు బయటపడుతుంది. పాదాల్లో వాసన గ్రంథులు కూడా ఉంటాయి. ఇది నా చోటు అని గుర్తు పెట్టుకుంటుందన్నమాట. బల్లల మీద పేర్లు చెక్కే నా పిల్లలు గుర్తొచ్చారు. చెక్కనిది నేనొక్కణ్ణే.

మామిడి కాపు అయ్యాక తోటల్లో కొమ్మలు కొడతారు. లావుపాటి మొద్దొకటి అడిగి తెచ్చుకున్నాను. పిల్లి నిలువునా ఒళ్లు విరుచుకునేంత పొడవు ఉండాలి, ఊగకూడదు. ఊగితే మళ్లీ ముట్టుకోదు. అడుగున పలక బిగించి, గోనెపట్టా చుట్టి సోఫా పక్కనే నిలబెట్టాను. నాలుగో రోజుకి దానికి అలవాటు పడింది. తర్వాత రోజుకి జానెడు చొప్పున గుమ్మం వైపు జరిపాను.

సోఫా సంగతి నేనే వెళ్లి చెప్పాను. ఓనరుగారు వచ్చి గీతలు తడిమి చూశారు.

"పాలిష్ పెట్టిద్దాంలెండి. ఈ మొద్దేంటి మాస్టారూ?"

"పిల్లిదండి."

ఆయన నవ్వారు. ఆ ఊపులోనే, మా అమ్మ ఫొటోకి ఒక మేకు కొట్టుకుంటానని అడిగేశాను.

"ఒక్కటే కదా?" అన్నారు.