ఒక ఫోను... రెండు సిమ్ములు

ఎడిషన్ టైమ్. ‘పాపకి జ్వరం 102. ఎప్పుడొస్తారు?’ అని మా ఆవిడ మెసేజ్. వెంటనే డెస్కు నుంచి ‘ఐటమ్ ఎంత?’ అని ఇంకోటి. ‘మూడు కాలమ్‌లు, ఫొటో లేదు’ అని టకటకా కొట్టేశా. వెళ్లింది ఇంటికి! మీకు నవ్వొస్తుందేమో. పాపను ఆటోలో ఒక్కతే ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషికి రాలేదు.

ఫోనులో సిమ్ములు రెండున్నాయి. ఒకటి ఆఫీసుది, ఒకటి ఇంటిది. ఏం లాభం? మోగేది ఒక్కటే, చూసే కళ్లూ అవే. ఆఫీసు వేళ దాటాక ఫోను పట్టించుకోకుండా ఉండే హక్కుకి ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి చట్టమే ఉంది. రాత్రి తొమ్మిదికి పని ఊపందుకునే మాలాంటివాళ్లకి ఏ వేళ దాటాలో మరి!

మర్నాడే ఓ బటన్ల ఫోను కొని, ఇంటి సిమ్ము అందులో వేశా.

‘‘దీనికి వాట్సప్ రాదుగా?’’ అంది.

‘‘ఫోన్ చెయ్యి’’ అన్నా.

వారమైంది. ఇంకా చెయ్యలేదు.