కృష్ణ దాటి ఆపా ఇంటికి



డిసెంబర్ సెలవులకి గుంటూరులో అమ్మీ వాళ్లింటికి వెళ్లాం. ఒకరోజు ఫజర్ అయ్యాక మావారు, "పద బేగం, ఇవాళ బెజవాడ సైర్ చేసొద్దాం. మనిద్దరమే" అన్నారు. షాదీ అయి పదహారేళ్లు. "మనిద్దరమే" అన్న మాట విని ఎన్నాళ్లయిందో! పిల్లల్ని నానీకి అప్పజెప్పి, బురఖా తొడుక్కుని బస్సెక్కేశాను.

ఖుషీగానే ఎక్కాను. కానీ బస్సు కనకదుర్గ వారధి మీదకి రాగానే దిల్‌లో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఈ ఊళ్లోనే ఆపా ఉంది.

షాదీ అయిన కొత్తలో మావారి నౌకరీ బెజవాడలోనే. వించిపేటలో ఆపా వాళ్ల పక్క పోర్షన్లో ఐదేళ్లు కిరాయికున్నాం. మాది ఖూన్ రిష్తా కాదు. అయినా నాకు దాల్చా పెట్టడం నేర్పింది ఆపానే. మా పెద్దోడు పుట్టినప్పుడు నలభై రోజులు వాడికి నూనె రాసి నీళ్లు పోసింది కూడా ఆపానే. తర్వాత మేం హైదరాబాద్ వెళ్లిపోయాం. వాళ్లు అజిత్‌సింగ్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు గట్లకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ఫజర్‌కి లేచి ఫోన్ చూస్తే ఆపావి రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే స్విచాఫ్. ఐదో రోజుకి దొరికింది. "ఖైరియత్ హై మా, అందరం బతికే ఉన్నాం" అంది. నేను ఏడ్చాను. కొంచెం పైసలు పంపాను. "వస్తాం ఆపా, ఇన్షా అల్లాహ్" అన్నాను.

వెళ్లలేదు. పిల్లల పరీక్షలు అన్నాం, మావారికి సెలవు దొరకలేదన్నాం. ఆ తర్వాత మూడుసార్లు గుంటూరు వచ్చాం. కృష్ణ దాటితే చాలు, గంట ప్రయాణం. దాటలేదు. ఆలస్యమైన కొద్దీ ఏ మొహం పెట్టుకుని వెళ్లాలని షరమ్ పెరిగింది. పడోసీ హక్ గురించి జుమ్మా బయాన్‌లో ఎన్నిసార్లు వినలేదు!

సరే, బెజవాడలో దిగాం. ముందు గాంధీనగర్ బాబాయ్ హోటల్. ఇడ్లీ మీద వెన్న కరిగిపోతుంటే కారప్పొడి అద్దుకుని తిన్నాం. కొత్తలో నెలకోసారి జీతం రోజున ఇక్కడికి తీసుకొచ్చేవారు. అప్పుడు ఒక ప్లేటు ఇద్దరం పంచుకునేవాళ్లం. ఇప్పుడు చెరొక ప్లేటు తెప్పించుకునే తాఖత్ ఉంది, అల్హందులిల్లాహ్. అయినా ఆయన సగం ఇడ్లీ నా ప్లేట్లో వేశారు. పాత ఆదత్!

అక్కణ్నుంచి గాంధీ కొండ. పైన ఉన్న 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబర్ 6న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే. "ఈ సంగతి మన పిల్లలకి చెప్పాలి" అన్నారు మావారు. కొండ మీంచి చూస్తే కింద రైల్వే స్టేషన్, దూరంగా కృష్ణమ్మ. ఆయన ఒక్కో పేటనీ వేలుపెట్టి చూపిస్తున్నారు. సింగ్‌నగర్ వైపు మాత్రం చూపించలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఉండవల్లి గుహలు చూద్దామని ఆటో మాట్లాడుకున్నాం. ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్తున్నాం. 1957లో పూర్తయిన కట్టడం, 70 గేట్లు. డెల్టా పొలాలకి నీళ్లు ఇక్కణ్నుంచే కాలవల్లోకి వెళ్తాయి. నది ఆ రోజు పాలగిన్నెలా నిశ్శబ్దంగా ఉంది. ఆటో అబ్బాయి తనంతట తనే అందుకున్నాడు. "ఆ వరదలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చిందమ్మా. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి. మా ఇంట్లో పీకల్లోతు నీళ్లు. సింగ్‌నగర్ మాది."

నేను మావారి వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు.

"పొద్దుట్నించీ నేనూ అదే అనుకుంటున్నా" అన్నారు.

ఉండవల్లి గుహలు పదిహేను వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. ఇంకొన్నాళ్లు ఆగుతాయి. బ్యారేజీ దిగగానే ఆటో వెనక్కి తిప్పించాం. దారిలో బందరు లడ్డూ, పళ్లు కొన్నాం.

ఆపా తలుపు తీసింది. గిలా షిక్వా ఏమీ లేదు. "ఆవో మా, ఆవో! ముందే ఫోన్ చేస్తే గోష్త్ తెప్పించేదాన్ని కదా" అంది. నా నోట సలాం కూడా సరిగ్గా రాలేదు.

గోడ మీద నా భుజం ఎత్తున మట్టిగీత. "రంగు వేయించలేదా ఆపా?" అన్నాను. "ముందు కుట్టుమిషన్ కొన్నాం మా. రోటీ అదే కదా. గోడ ఆగుతుంది" అంది. షాదీ ఆల్బమ్, పరుపులు, ఫ్రిజ్ అన్నీ పోయాయట. ఖురాన్ షరీఫ్‌ని మాత్రం భాయ్ నెత్తిన పెట్టుకుని పక్కింటి మేడ మీదకి చేర్చారట. ఆ మేడ ఒక హిందూ కుటుంబానిది. రెండిళ్ల వాళ్లూ ఒకే స్టవ్ మీద వండుకుని, వచ్చిన పాల ప్యాకెట్లు పంచుకుని ఆ రోజులు గడిపారు. భాయ్ నమాజ్ వేళకి ఆ పెద్దాయనే చాప పరిచేవారట.

"ఆ రోజు ఫోన్ చేశారు కదా ఆపా. నేను ఎత్తలేదు" అన్నాను, తలొంచుకుని.

"అదా! నీ పాన్‌దాన్ కోసం" అంది.

నాకు అర్థం కాలేదు. ఆపా లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చింది. మా నానీ ఇత్తడి పాన్‌దాన్! హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఇరుకింట్లో ఎక్కడ పెట్టాలని ఆపా దగ్గర ఉంచాను. ఆ సంగతే నేను మర్చిపోయాను. "నీళ్లు లోపలికొస్తుంటే ముందు ఇదే యాదొచ్చింది. అమానత్ కదా మా. పైకి తీసుకెళ్లా, ఫికర్ పడొద్దు అని చెబుదామని చేశా."

ఇన్నాళ్లూ నేను మదద్ కోసం చేసిందనుకున్నాను. ఆపా తన ఆల్బమ్ వదిలేసి నా అమానత్ మోసింది. నేను నా ఇన్షా అల్లాహ్‌ని కూడా మోయలేకపోయాను. వెళ్తాననే నియ్యత్ ఉంటేనే అది ఇన్షా అల్లాహ్. లేకపోతే అల్లాహ్ పేరు అడ్డుపెట్టుకుని తప్పించుకోవడమే. "మాఫ్ చేయండి ఆపా" అన్నాను. "పాగల్!" అని నెత్తి మీద ఒకటిచ్చి వంటింట్లోకి లాక్కెళ్లింది.

బగారా అన్నం, దాల్చా, గోంగూర రొయ్యలు. ఇద్దరం కలిసే వండాం. జుహర్ అక్కడే చదివాం. దస్తర్‌ఖాన్ మీద భాయ్, మావారు వించిపేట రోజుల కిస్సాలు మొదలుపెడితే అసర్ దాకా ఆగలేదు.

బయల్దేరేటప్పుడు పాన్‌దాన్ నా ఒళ్లో పెట్టింది. "మీరు హైదరాబాద్ ఎప్పుడొస్తారు ఆపా?" అన్నాను.

"ఇన్షా అల్లాహ్, వస్తాం మా."

"అలా కాదు ఆపా, తారీఖు చెప్పండి."

అందరం నవ్వాం. భాయ్ గోడకున్న క్యాలెండర్ దించి, రంజాన్ ముందు వచ్చే ఒక ఆదివారానికి గీత పెట్టారు.